పొగగూడు లేని పెద్దిల్లు: ఇంగ్లండ్ బేలీఫ్ ఫామ్‌హౌస్ మీద కొన్ని సందేహాలు

నాగశ్రీ_క్రాలీ

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం వెస్ట్ సస్సెక్స్‌లో సింగిల్టన్ దగ్గరున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ లివింగ్ మ్యూజియంకి వెళ్ళాం. పడగొట్టేయబోతున్న పాత పల్లె కట్టడాలను విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు, యాభైకి పైనే ఉన్నాయి. పిల్లలు బాతుల చెరువు దగ్గరే ఉండిపోయారు. నేను మాత్రం 'బేలీఫ్ ఫామ్‌హౌస్' అనే పాత రైతు ఇంట్లోంచి కదల్లేకపోయాను.

బయట నుంచి చూస్తే గొప్ప ఇల్లే. లోపలికెళ్తే అన్నీ అనుమానాలే. హాలు నడిమధ్య నేల మీద మంట, పొగగూడు లేదు. కిటికీలకు అద్దాల్లేవు, నిలువు చెక్కలున్నాయి అంతే. ఇంటికి రెండు కొసల్లో రెండు మేడగదులున్నాయి. కానీ ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి పోవాలంటే మెట్లు దిగి, హాలు దాటి, అవతల మళ్ళీ ఎక్కాలి. మంచి స్థితిపరుడైన రైతు ఇల్లని అక్కడున్న ఆవిడ చెప్పారు. అంత ఉన్నవాడు పొగలో కూర్చుని దగ్గుకుంటూ ఎందుకు బతికాడు?

తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

చిన్ని_లీడ్స్

ఫొటోలేవి అక్కా?

---

పాతగోడలు

నాగశ్రీ గారూ, మీరు విడివిడిగా అడిగారు గానీ అన్నీ ఆ మంట దగ్గరికే వస్తాయి. ఆ ఇంటిని మంటకు తగ్గట్టుగానే కట్టారు.

ఏ గోడకూ ఆనకుండా నేల మధ్యన మంట వేస్తే పొగ పైకి పోవడానికి చోటుండాలి. అందుకే హాలు మీద అంతస్తు వేయలేదు, నేల నుంచి కప్పు దాకా ఖాళీగా వదిలారు. పొగ పైన దూలాల మధ్య మందంగా నిలుస్తుంది. కింద బల్ల మీద కూర్చున్నవాళ్ళకు మనం అనుకున్నంత ఇబ్బంది ఉండదు, నిలబడితేనే కళ్ళు మండుతాయి. అక్కడి నుంచి పెంకుల సందుల్లోంచీ, కప్పు కొసల్లో శిఖరం కింద వదిలిన చిన్న త్రికోణపు కంతల్లోంచీ మెల్లగా బయటికి జారుకుంటుంది. హాలు మీద అంతస్తు లేదు కాబట్టే మేడగదులు రెండూ ఒకదానికొకటి కాకుండా పోయాయి.

కిటికీల సంగతికొస్తే, అప్పట్లో అద్దం మామూలు రైతు కొనగలిగే వస్తువు కాదు. హాలుకి అటూ ఇటూ ఎదురెదురుగా పొడుగాటి కిటికీలు చూసుంటారు. గాలి ఎటు నుంచి కొడితే అటు చెక్కతలుపు మూసేసి, రెండోవైపుది తెరిచి ఉంచుకునేవాళ్ళు. ఆ నిలువు చెక్కల్ని కూడా చదునుగా పెట్టరు. అంచు బయటికి వచ్చేలా కోణంగా తిప్పి నిలబెడతారు. చెక్క లావుగానే ఉంటుంది, వెలుతురు మాత్రం పక్కలకి జారి లోపలికొస్తుంది.

ఇక గదుల వరస. తలుపు తీయగానే ఇంటికి అడ్డంగా ఒక నడవ, దాని అవతలి కొసన ఇంకో తలుపు. నడవకి ఒక పక్క రెండు చిన్న గదులు: ఒకటి బీరు, పాలూ పెరుగూ లాంటివాటికి, రెండోది రొట్టె, పొడి సరుకులకి. రెండో పక్క హాలు. హాలు అవతలి కొసన గోడకానించి యజమాని బల్ల. ఆ గోడ వెనక లోపలి గది, దాని మీద ఇంట్లోకెల్లా మంచి పడగ్గది. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న మరుగుదొడ్డి దానికే ఉంటుంది. నడవ దగ్గర పనివాళ్ళు, అవతలి కొసకి పోయేకొద్దీ హోదా. వచ్చినవాడు ఎంత దూరం లోపలికి రావచ్చో ఎవరూ చెప్పక్కర్లేదు.

హాలు, సరుకు గదులున్న కొస 1405–1430 మధ్య కట్టినవి. యజమాని గదులున్న కొస 1505–1510 ప్రాంతంలో కట్టారు. మ్యూజియం వాళ్ళు దాన్ని 1540 నాటి ఇల్లుగా సర్దిపెట్టారు. బల్లలు, మంచాలు, గిన్నెలన్నీ ఆ కాలపు నమూనాల మీద కొత్తగా చేయించినవే, ముట్టుకోవచ్చు కూడా.

---

నాగశ్రీ_క్రాలీ

చాలా థ్యాంక్స్ అండీ. ఆ చిన్న త్రికోణాలు నా ఫొటోలో ఉన్నాయి, అలంకారం అనుకున్నాను. మరి ముందు వైపు నుంచి చూస్తే మధ్య భాగం లోపలికి నొక్కేసినట్టు, రెండు చివర్లు ముందుకు వచ్చినట్టు ఎందుకుంది? కప్పు మాత్రం తిన్నగా ఒకటే.

---

దూలం_రాజు

ఇది నేను చెప్తా. మా తాతగారు వడ్రంగి, నేను రెడింగ్‌లో స్ట్రక్చరల్ ఇంజినీర్ని. ఇలాంటి ఇల్లు కనపడితే ముందు కప్పు కిందికి దూరతాను.

రెండు చివర్లలో పై అంతస్తు దూలాలు కింది గోడ దాటి అడుగున్నరో రెండడుగులో ముందుకొస్తాయి. పైగది గోడ ఆ చివర్ల మీద కూర్చుంటుంది. మధ్యలో హాలుకి పై అంతస్తే లేదు, కాబట్టి అక్కడ గోడ నేల నుంచి తిన్నగా లేస్తుంది, వెనక్కి ఉన్నట్టు కనిపిస్తుంది. మరి కప్పు ఒకటే కదా, మధ్యలో చూరు దేని మీద ఆనాలి? రెండు చివర్లనీ కలుపుతూ గాల్లో ఒక పొడుగాటి దూలం వేసి, దానికి అటూ ఇటూ వంపు తిరిగిన ఊతకర్రలు పెట్టారు. ఆ వంపులే ఈ ఇంటికి ముఖం. ఆ వైపు వీల్డ్ అనే ప్రాంతం పేరు మీద దీన్ని వీల్డెన్ ఇల్లు అంటారు. కెంట్, సస్సెక్స్‌లలో ఎక్కువ, మిగతా చోట్ల అక్కడక్కడా కనిపిస్తాయి.

అసలు అందం మాత్రం అతుకుల్లో ఉంది. ఓక్ చెట్టు కొట్టి ఏళ్ళ తరబడి ఎండబెట్టి వాడారనుకుంటారు చాలామంది. కాదు, పచ్చిగానే వాడారు. ఎండిన ఓక్ మీద ఉలి పెడితే ఉలే అరుగుతుంది. ఒక దుంగ చివర నాలుకలా చెక్కి, రెండోదాంట్లో తొలిచిన గూట్లోకి దించి, రెండింటినీ కలిపి ఓక్ చీల కొడతారు. అయితే చీల కోసం వేసే కన్నాలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండవు. నాలుకలోని కన్నాన్ని కావాలనే వెంట్రుకవాసి లోపలికి జరిపి వేస్తారు. చీల దిగుతుంటే వంగి, అతుకుని గట్టిగా లాక్కుంటుంది. తరవాత కొయ్య ఎండి ముడుచుకునేకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఇనప మేకు ఒక్కటి లేకుండా ఆ చట్రం ఆరువందల ఏళ్ళు నిలబడింది.

ఇంకోటి. ఈసారి వెళ్తే మూల గుంజలు చూడండి, పైకి పోయేకొద్దీ లావెక్కుతాయి. చెట్టుని తలకిందులుగా నిలబెట్టారు. మొదలు దగ్గర లావుగా విచ్చుకునే భాగం పైకొస్తుంది. అడ్డదూలం, గోడమీది దూలం, గుంజ, మూడూ కలిసే చోట అతుకులు కోయడానికి అంత కండ కావాలి కదా.

---

తెనాలి_మాస్టారు

రాజు గారు చట్రం సంగతి బాగా చెప్పారు. ఆ డబ్బెక్కడిదో నేను చెబుతాను.

1348–49లో ఇంగ్లండ్‌ని ప్లేగు ఊడ్చేసింది. జనాభాలో మూడోవంతుకీ సగానికీ మధ్య పోయారని చరిత్రకారుల అంచనా. మిగిలినవాళ్ళకి భూమి చవక, కూలికి గిరాకీ. ప్రభువుల దగ్గర భూమి కౌలుకి తీసుకున్న రైతుల్లో ఒక తరగతి మూడు నాలుగు తరాల్లో బాగా పుంజుకుంది. బేలీఫ్ లాంటి ఇళ్ళు వాళ్ళవే. కోటలూ కావు, గుడిసెలూ కావు. అక్కడ ఇన్ని మధ్యతరగతి రైతుల ఇళ్ళు పదిహేనో శతాబ్దం నుంచి నిలిచి ఉండటమే నన్నడిగితే వింత.

ఇక పొగ గురించి. ఎసెక్స్‌లో రాడ్‌వింటర్ అనే ఊళ్ళో విలియం హారిసన్ అనే చర్చి పూజారి ఉండేవాడు. 1577లో అచ్చయిన తన రచనలో, ఊళ్ళో ముసలివాళ్ళు తమ కాలంలో బాగా మారిన విషయాలుగా మూడింటిని చెప్పారని రాశాడు. మొదటిదే పొగగూళ్ళు. తమ చిన్నప్పుడు ఊరికి రెండో మూడో ఉండేవట, ఇప్పుడు ఎటు చూసినా అవేనట. రెండోది పరుపులూ దిళ్ళూ, మూడోది చెక్క కంచాల స్థానంలో తగరం కలిసిన పళ్ళాలు. ఆయన అక్కడితో ఆగలేదు. పొగ కొయ్యకి గట్టిదనమిస్తుందనీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమనీ పాతవాళ్ళు నమ్మేవారనీ, పొగగూళ్ళు వచ్చాకే జనం జలుబులూ రొంపలూ అంటూ మూలుగుతున్నారనీ రాశాడు. ఏ కాలంలోనైనా పెద్దాళ్ళు పెద్దాళ్ళే.

---

చిన్ని_లీడ్స్

మాస్టారూ 😂 మా మామ్మ గ్యాస్ పొయ్యి గురించి ఇలాగే అనేది.

ఒక డౌట్. ఇలాంటి దూలాలన్నీ పాత ఓడలవి అంటారు కదా? ఒక పబ్‌లో మాకు చూపించారు, ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఆర్మడా నౌకాదళంలోని ఓడ దూలమట. దానికి ఖాళీ గూళ్ళు కూడా ఉన్నాయి, ఓడలో వేరే ఏదో బిగించిన చోట్లని చెప్పారు.

---

దూలం_రాజు

చిన్నీ, ఆ ఓడ ఇంగ్లండ్‌లో ప్రతి పబ్బులోనూ మునిగింది.

ఆర్మడా వచ్చింది 1588లో, బేలీఫ్ హాలు అప్పటికే నూట యాభై ఏళ్ళకు పైబడినది. ఆ లెక్క వదిలేసినా, వీల్డ్ ప్రాంతమంతా ఓక్ అడవులు, పైగా జిగట బంకమట్టి. వానాకాలంలో ఎడ్లబండి ఇరుసు దాకా దిగిపోయే ఆ దారుల్లో సముద్రం ఒడ్డు నుంచి ఉప్పునీళ్ళలో నానిన గట్టి దుంగల్ని ఎవడు లాక్కొస్తాడు? ఇంటి పక్కనే పచ్చి చెట్టుండగా! రేవుల దగ్గర అక్కడక్కడా ఓడ కొయ్య వాడి ఉండొచ్చు, కాదనను. పల్లెటూరి రైతు ఇంట్లో అది దాదాపు కట్టుకథే.

ఖాళీ గూళ్ళకి కారణం మామూలుదే. ఒకప్పుడక్కడ అడ్డగోడ ఉండేది, తీసేశారు. లేదా పాత ఇల్లు పడగొట్టి ఆ కొయ్యనే మళ్ళీ వాడారు. మంచి ఓక్‌ని ఎవరూ పారేయరు.

---

పాతగోడలు

ఇంకో ఆధారం కూడా ఉంది. కొయ్యలో సన్నటి కడ్డీలా ఒక నమూనా తీసి, చెట్టు వలయాల వెడల్పులు కొలిచి, ఆ ప్రాంతపు వలయాల పట్టికతో సరిపోల్చి చూస్తారు. బెరడు కిందటి చివరి వలయం మిగిలుంటే చెట్టు కొట్టిన సంవత్సరమే దొరుకుతుంది. అలా పోల్చినప్పుడు ఈ ఇళ్ళ కొయ్య చుట్టుపక్కల అడవులదేనని తేలుతూ ఉంటుంది.

దుంగల మీద గీతల అంకెలు చూశారా? వడ్రంగులు చట్రాన్ని ముందు ఒక చోట నేల మీద పరిచి, అతుకులన్నీ సరిచూసి, ఏ నాలుక ఏ గూటిదో రోమన్ అంకెల్లాంటి గీతలతో గుర్తు పెట్టేవాళ్ళు. ఆ తరవాత విప్పి, అసలు చోటుకి తెచ్చి లేపేవాళ్ళు. ప్రతి అతుకూ కొలిచి కోసినది కాదు, దాని జతకి మాత్రమే సరిపడేలా చెక్కినది. నాలుగో గుర్తు నాలుక అయిదో గూట్లో దిగదు. విప్పి మళ్ళీ కట్టే పద్ధతి ఇంటికి పుట్టుకతోనే ఉంది కాబట్టే 1968–69లో బేలీఫ్‌ని విప్పడం కుదిరింది.

---

సుబ్బు_ఎక్సెటర్

అంతా కొయ్య ఇళ్ళ మీదే పడ్డారు. ఇంగ్లండ్ రైతు ఇల్లంటే కెంట్, సస్సెక్స్ మాత్రమేనా స్వామీ? మా డెవన్ వైపు రండి.

డార్ట్‌మూర్ అంచున పొడుగిళ్ళు ఉన్నాయి. రాతి గోడలు, ఒకే కప్పు, ఒకే నడవ. నడవకి ఎగువన మనుషులు, దిగువన గొడ్లు. ఇల్లు వాలు మీద కట్టారు, గొడ్ల వైపు పల్లం. పేడ, మూత్రం నేల మధ్య కాలవ గుండా చివరి గోడ కంతలోంచి బయటికి పోతాయి. చలికాలంలో పశువుల వేడి ఇంటికి, రాత్రి ఏ ఆవు ఈనుతుందో పడక మీంచే తెలుస్తుంది. మిగతా డెవన్‌లో బంకమట్టి, గడ్డి కలిపి తొక్కి పొరలు పొరలుగా లేపిన గోడలు, రెండడుగులు పైనే మందం. ఆ గోడకి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలంటారిక్కడ. అంటే పైన చూరు బాగా ముందుకుండాలి, కింద రాతి పునాది ఉండాలి.

పొగ మాటెత్తారు కాబట్టి ఇది కూడా. మా వైపు గడ్డి కప్పు పాడైతే మొత్తం పీకరు, పైపొర తీసి కొత్తది కప్పుతారు. అందువల్ల కొన్ని ఇళ్ళలో అట్టడుగు పొర మధ్యయుగాల నాటిదే మిగిలిపోయింది, హాల్లో మంట వేసిన రోజుల పొగతో నల్లగా కాలినట్టుంటుంది. మసి పట్టడం వల్ల పురుగు తినలేదు. దాంట్లో ఆనాటి గోధుమ, రై కంకులు, చేలోని కలుపు మొక్కలు కూడా దొరుకుతున్నాయి. వ్యవసాయ చరిత్రవాళ్ళకి అది నిధి.

---

పాతగోడలు

సుబ్బు గారూ, ఒప్పుకున్నాను. కాట్స్‌వోల్డ్స్‌లో సున్నపురాయి, ఉత్తరాన ఇసుకరాయి, ఎక్కడి కాళ్ళ కింద ఏముంటే దాంతోనే ఇల్లు. పడమటి మధ్య కౌంటీల్లో వంపు తిరిగిన చెట్టుని నిలువునా చీల్చి, రెండు బద్దల్నీ ఎదురెదురుగా ఆనించి, వాటి మీదే కప్పంతా మోపిన ఇళ్ళున్నాయి. విచిత్రంగా కెంట్ లాంటి ఆగ్నేయ ప్రాంతంలో ఆ పద్ధతి దాదాపు కనపడదు, కారణం మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. కానీ నాగశ్రీ గారి ప్రశ్న బేలీఫ్ మీద కదా, దాని దగ్గరే ఉందాం.

పొగ కథకి తరవాతి భాగం అదే మ్యూజియంలో ఉంది. పాప్లర్ కాటేజ్ అని చిన్న ఇల్లు, సుమారు 1550–1650 మధ్యది. అందులో ఇంటి కొసన సన్నటి అర కట్టి, మంటని అందులోకి నెట్టేశారు. పొగ ఆ అరలోంచే కప్పు దాకా పోతుంది, మిగతా ఇల్లు శుభ్రం. ఇంకాస్త ముందుకెళ్తే మిడ్‌హర్స్ట్ దగ్గర నుంచి తెచ్చిన పెండీన్ ఫామ్‌హౌస్, 1609 నాటిది. అందులో ఇటుక పొగగూడు ఇంటి నడుమ నిలబడి ఉంది. పొగ దాంట్లోకి పోయాక హాలు మీద ఖాళీ ఎందుకు? ఇల్లంతా పై అంతస్తు పరిచేశారు. మేడ మీదే ఒక గదిలోంచి ఇంకో గదికి నడిచిపోవచ్చు. నాగశ్రీ గారు అడిగిన ఇబ్బంది అక్కడ తీరింది.

మూడూ ఒక పూటలో చూడొచ్చు. ఒకదాని తరవాత ఒకటి క్రమంగా వచ్చాయని మాత్రం అనుకోవద్దు. పేదవాడు పొగ అరతో సర్దుకుంటున్న రోజుల్లోనే పక్కింటి షావుకారు ఇటుక గూడు కట్టించాడు.

---

అరవింద్_బంజారా

హైదరాబాద్ నుంచి ఒక ఆర్కిటెక్ట్‌గా నా గోల. విప్పి తెచ్చి వేరే చోట కట్టిన ఇల్లు ఎంతవరకు ఆ ఇల్లే? కెంట్‌లో చిడింగ్‌స్టన్ దగ్గర బంకమట్టి నేల మీద, తన పొలాల మధ్య పుట్టింది. ఇప్పుడు సస్సెక్స్ సుద్దకొండల మధ్య ఉంది. గాలి దిశ వేరు, వెనక కనిపించే కొండ వేరు. పైగా తరవాతి నాలుగు శతాబ్దాల్లో చేరిన పొగగూడూ, అంతస్తూ తీసేసి 1540కి తీసుకెళ్ళారు. ఆ నాలుగు శతాబ్దాలు అందులో కాపురం ఉన్నవాళ్ళది చరిత్ర కాదా?

ఇళ్ళు కదపడం కొత్త కాదు లెండి. ఈస్ట్ సస్సెక్స్‌లో గ్రేట్ డిక్స్‌టర్ అనే పాత ఇల్లుంది. 1910లో నథానియల్ లాయిడ్ కొన్నాడు. ఆర్కిటెక్ట్ ఎడ్విన్ లుట్యెన్స్ ఆ పాత హాలు ఇంటిని బాగుచేసి, కెంట్‌లో బెనెండెన్ నుంచి ఇంకో పాత రైతు ఇంటిని విప్పి తెప్పించి పక్కన అతికించాడు. మన నిజాం కోసం ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ గీసింది ఆయనే. ఆ సీతాకోకచిలుక ఆకారపు ప్యాలెస్ గీసిన మనిషి కుర్రతనమంతా సర్రే పల్లెల్లో ఇలాంటి కప్పులూ, పొగగూళ్ళూ చూస్తూ తిరిగాడంటే మన ఊళ్ళో ఎవరూ నమ్మరు.

---

తెనాలి_మాస్టారు

అరవింద్ బాబూ, బేలీఫ్ ఉన్న చోట ఇప్పుడు బౌ బీచ్ జలాశయం ఉంది. ఇల్లు కదిపారా లేదా అన్నది కాదు ప్రశ్న, నీళ్ళలో ముంచేద్దామా వద్దా అన్నదే. నాగార్జునకొండ కట్టడాలను కొండమీదికీ అనుపుకీ చేర్చినప్పుడూ, శ్రీశైలం నీళ్ళకి మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురం తెచ్చినప్పుడూ మనకి ఎదురైనది ఇదే. మనవైపు గుళ్ళని కదిపారు, స్తూపాలని కదిపారు. ఒక్క రైతు ఇంటిని కదిపినట్టు నేను వినలేదు. ఇంగ్లండ్‌లో అది చేశారన్నదే నాకు గొప్పగా తోస్తుంది.

---

అరవింద్_బంజారా

ఆ మాట కాదనలేను మాస్టారూ. 1540కి వెనక్కి తీసుకెళ్ళడం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది.

---

పాతగోడలు

అభ్యంతరం న్యాయమైనదే, ఈ రంగంలో అందరూ ఒక మాట మీద లేరు. 1877లో విలియం మోరిస్ వాళ్ళు పెట్టిన పాత కట్టడాల పరిరక్షణ సంఘం పుట్టిందే దీని మీద: పాతకాలానికి తిప్పడం వద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు మరమ్మతు చేయండి అని. మరి మ్యూజియం లేకపోతే తెరుచుకున్న హాలు ఎలా ఉండేదో మామూలు జనానికి ఎక్కడ చూపిస్తాం? ఎక్కడికక్కడ అంతస్తులు వేసేశారు. ఉన్న చోటే ఉన్నది చూడాలంటే ఈస్ట్ సస్సెక్స్‌లో ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ ఉంది, పద్నాలుగో శతాబ్దపు వీల్డెన్ ఇల్లు. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం అదే, 1896లో, పది పౌన్లకి. హాలు నేల సుద్దపొడి దిమ్మిస కొట్టి, పులిసిన పాలు పోసి గట్టిపరిచింది.

---

లావణ్య_మెయిడ్‌స్టోన్

ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. ఇక ఆగలేను, ఎందుకంటే మా ఇల్లు ఇలాంటిదే! కెంట్‌లో, గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే చరిత్ర విలువ ఉందని ప్రభుత్వం రక్షిత జాబితాలో పెట్టిన ఇల్లు. బయటికి ఇటుక ముఖం, పద్దెనిమిదో శతాబ్దపు ఇల్లని చెప్పి అమ్మారు. మొన్న వాటర్ ట్యాంక్ చూడ్డానికి అటక ఎక్కిన ప్లంబర్ దిగొచ్చి "ఎప్పుడైనా ఇల్లు కాలిందా?" అన్నాడు. టార్చి వేసి చూస్తే మధ్య భాగంలో వాసాలన్నీ నల్లగా ఉన్నాయి. వేలు పెడితే మసి అంటదు, నిగనిగలాడుతూ తారులా గడ్డకట్టింది. రెండు చివర్ల వాసాలు మాత్రం మామూలు గోధుమరంగు. ఈ థ్రెడ్ చదివాక అర్థమైంది, మా బెడ్‌రూమ్ ఒకప్పటి పొగ!

అసలు బాధ వేరే. పాత యజమాని ఎవరో బయటి గోడలకి సిమెంటు పూశారు. కింద స్కర్టింగ్ దగ్గర తడి, పెయింటు పెచ్చులూడుతోంది. ఒక కంపెనీవాళ్ళొచ్చి గోడకి కన్నాలు వేసి ఏదో కెమికల్ ఎక్కిస్తామన్నారు, కొటేషన్ చూస్తే టెన్షన్ వచ్చింది. ఏం చేయమంటారు?

---

దూలం_రాజు

లావణ్య గారూ, మధ్యలో మసి, చివర్లలో లేదు అంటే మీది ఖాయంగా తెరిచిన హాలున్న ఇల్లే. కంగ్రాట్స్! నిప్పంటుకుంటే కొయ్య బొగ్గవుతుంది, పగుళ్ళు పడుతుంది. మీరు చెప్పిన నిగనిగ ఏళ్ళ తరబడి మంట పొగది.

కడగొద్దు. అసలు ముట్టుకోవద్దు. ఆ మసే మీ ఇంటి జన్మపత్రిక.

---

పాతగోడలు

లావణ్య గారూ, కన్నాలు వేయించకండి. ముందు గోడ సంగతి వినండి.

ఇటుక ముఖం వెనక మీది కొయ్య చట్రమే అయ్యుంటుంది. గుంజల మధ్య ఓక్ బద్దలు నిలిపి, హేజెల్ కొమ్మలతో తడిక అల్లి, బంకమట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి రెండు వైపులా మెత్తి, పైన సున్నం వేసేవాళ్ళు. ఆ గోడ వానకి కాస్త తడుస్తుంది, ఎండకీ గాలికీ ఆరిపోతుంది. సిమెంటు పూశారంటే ఆరే దారి మూసేసినట్టే. కొయ్య కదులుతూ ఉంటుంది కాబట్టి సిమెంటు ఎక్కడో సన్నగా చీలుతుంది. నీళ్ళు దాంట్లోంచి లోపలికి పోతాయి, బయటికి మాత్రం రాలేవు. అన్నిటికన్నా అడుగున పడుకున్న దూలం నానుతుంది. నానిన ఓక్ అంటే కొయ్యని తొలిచే డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగుకి విందు, ఎండిన ఓక్ జోలికి అది పెద్దగా రాదు.

చేయాల్సిన వరస ఇది. బయట మట్టి మట్టం గోడ మీదికి పెరిగిందేమో చూసి తవ్వించి దించండి. చూరు గొట్టాలు కారుతున్నాయేమో చూడండి. సగం ఇళ్ళలో తడి అక్కడే తేలిపోతుంది. తరవాత సిమెంటుని ఒక చిన్న చోట జాగ్రత్తగా తీయించి లోపల దూలం ఎలా ఉందో చూడాలి. కానీ దానికి ముందు కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా అనుమతి సంగతి తేల్చుకోండి. గ్రేడ్ 2 అంటే ముఖం ఒక్కటే కాదు, లోపలా బయటా మొత్తం ఇల్లు లిస్టయినట్టే. అనుమతి లేకుండా దాని స్వరూపం మార్చే పని చేస్తే అది సివిల్ తగాదా కాదు, నేరం. ఇంగ్లండ్‌లో లిస్టయిన కట్టడాల్లో 90 శాతానికి పైగా గ్రేడ్ 2వే, దాన్ని చిన్నచూపు చూసి ఇరుక్కున్నవాళ్ళు చాలామంది.

---

నాగశ్రీ_క్రాలీ

లావణ్యా, మీ అటక చూడ్డానికి మేమంతా వచ్చేస్తాం, టీ రెడీ చేయండి.

పాతగోడలు గారూ, ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. టూరిస్టు పోస్టర్లలో ఇళ్ళు నల్లటి కొయ్య, తెల్లటి గోడ అని ఉంటాయి. బేలీఫ్ కొయ్య అలా లేదు, బూడిదరంగులో వెలిసిపోయినట్టుంది. రంగు వేయడం మర్చిపోయారా?

---

పాతగోడలు

మర్చిపోలేదు, వేయకూడదనే వేయలేదు. ఆ నలుపు తెలుపుల మోజు చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో ముదిరింది. ఓక్‌ని వదిలేస్తే ఎండకీ వానకీ వెండిబూడిద రంగుకి తిరుగుతుంది. ఆగ్నేయ ప్రాంతంలో చాలా ఇళ్ళకి అలా వదిలేయడమో, కొయ్య మీదా గోడ మీదా కలిపి సున్నం కొట్టేయడమో చేసేవాళ్ళు. చెషైర్ వైపు నలుపు ఎక్కువ. అక్కడ కూడా తారు, రంగు ఎంత పాతవన్నది ఇంటింటికీ చూసి చెప్పాల్సిందే.

---

లావణ్య_మెయిడ్‌స్టోన్

అందరికీ థ్యాంక్స్. కెమికల్ వాళ్ళకి వద్దని మెయిల్ పెట్టేశాను. కౌన్సిల్ ఆఫీసర్ వచ్చే వారం వస్తానన్నారు. అటక ఫొటోలు కూడా తెమ్మన్నారు. సున్నం పని ఈ నవంబర్లోనే మొదలుపెట్టొచ్చా?

---

పాతగోడలు

వద్దు. సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. మధ్యలో మంచు పట్టిందంటే పొర పొరగా రాలిపోతుంది. ఏప్రిల్ దాకా ఆగండి. ఈలోగా గొట్టాలు బాగుచేయించి, మట్టి దింపించి, గోడని ఆరనివ్వండి. చలికాలంలో సిమెంటు ఊడదీసి గోడని వానకి వదిలేయొద్దు, దూలం చూడ్డానికి తీసిన చోట మాత్రం గాలి ఆడేలా గోనెపట్టా కట్టుకోండి.

---

చిన్ని_లీడ్స్

అక్కా, ఇప్పటికైనా బేలీఫ్ ఫొటోలు పెడతావా లేదా?